దారి ఇయ్యని ఎదోము

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 20:14–21



మోషే కాదేషునుండి ఎదోము రాజునొద్దకు దూతలను పంపెను. వారు అడిగినది రాజ్యము కాదు, పొలము కాదు, దారి మాత్రమే. పైరు తొక్కమనియు, రాజమార్గము విడిచి ప్రక్కకు పోమనియు, త్రాగిన నీటికి వెల ఇత్తుమనియు విన్నవించుకొనిరి. ఎదోమువారు ఏశావు సంతానము, ఇశ్రాయేలీయులు యాకోబు సంతానము, అనగా అన్నదమ్ముల బిడ్డలే గదా! అయినను ఎదోము కత్తి పట్టుకొని ఎదురువచ్చెను.

ఎదోమునకు హక్కు లేదని తలంపకుడి. ఆ నేలలో అడుగు పట్టునంత చోటైనను ఇశ్రాయేలునకు ఇయ్యనని దేవుడే సెలవిచ్చినట్లు ద్వితీయోపదేశకాండము 2:5లో చదువుచున్నాము. పట్టా ఎదోముదే. ఇశ్రాయేలు చుట్టు తిరిగిపోయెను. ఆ చుట్టు దారిలోనే జనులు విసిగి దేవునిమీద సణిగిరని 21వ అధ్యాయము చెప్పుచున్నది. దూరపు నడక కాళ్లనే గాక విశ్వాసమును కూడ అలయజేయును.

ఈ భాగము నన్ను గుచ్చుటకు కారణమున్నది. గత వేసవిలో మా సంఘపెద్దలు గుడి ఆవరణకు ప్రహరీ కట్టింప తీర్మానించిరి. మేకలు మొక్కలను తినివేయుచున్నవి, ఆ మాట నిజమే. వెనుకనున్న పేటవారు ఆవరణలోనుండి చెరువుకు నడచుచుండిరి. మూసివేయవలసినదేనని నేనును చెప్పితిని. ఇటుకలు దిగిన దినమున ఒక వృద్ధురాలు గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వచ్చి నిలిచెను. "అయ్యగారూ, మీ ముందరి అయ్యగారి నాటినుంచి ఈ దారినే నడుస్తున్నాను. ఇప్పుడు చుట్టు తిరిగే మోకాళ్లు నాకు లేవు" అనెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. నాకు మాట రాలేదు.

మరునాడు పట్నము వెళ్లి ఒక ప్లీడరుగారిని అడిగితిని. ఆయన చెప్పినది మీకును పనికివచ్చును గనుక వ్రాయుచున్నాను. పరుల భూమిమీదుగా నడచు హక్కును ఈజుమెంటు అందురు. దీనికి 1882వ సంవత్సరపు చట్టమున్నది. అన్నదమ్ములు పొలము పంచుకొనినప్పుడు లోపలి ముక్కకు వేరు దారి బొత్తిగా లేనియెడల, బయటి ముక్కవాడు దారి ఇయ్యవలసినదే. ఎటునుండి ఇచ్చునో చూపుట అతని వంతు, అయితే అది నడువదగినదై యుండవలెను. దూరమైనను వేరొక దారి యున్నయెడల ఈ హక్కు రాదు. తరువాత వేరు దారి దొరికిన దినమున ఇది పోవును.

రెండవది, అలవాటు వలన వచ్చు హక్కు. తన యింటికో పొలమునకో పోవుటకు ఒకడు 20 ఏండ్లు బహిరంగముగా, జగడము లేక, ఎడతెగక, హక్కుగా నడచినయెడల అది అతనికి స్థిరపడును. ప్రభుత్వ భూమియైతే 30 ఏండ్లు. ఎవడైనను అడ్డు వేసినప్పుడు, తెలిసియు ఒక సంవత్సరము ఓర్చుకొని ఊరకున్నవానికి ఆ లెక్క తెగిపోవును. కాబట్టి మీ డొంకకు ఎవరైన కంప వేసినయెడల, కోత కానిమ్మని కూర్చుండకుడి.

అయితే సెలవు పుచ్చుకొని నడచినవాడు నూరేండ్లు నడచినను అది హక్కు కాదు. ఇక్కడ ప్లీడరుగారు నవ్వి, "మీ ముందరి పాస్టరుగారు దయతో నడువనిచ్చినారని రుజువు చేస్తే మీరే గెలుస్తారు" అనిరి.

గెలుతుము! ఆ మాట బస్సులో ఇంటివరకు నాతో వచ్చెను. ఎదోమును గెలిచెను గదా.

ఆ రాత్రి పెద్దలను కూర్చి ఈ భాగము చదివితిని. ఒక పెద్ద కోపముతో, గుడి స్థలము సంత బాట కాదనెను. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. ఇశ్రాయేలు తానే ప్రక్కకు తొలగమని ముందుగా మాట ఇచ్చెను. దారి పొందినవాడు దారినే నడువవలెను. చట్టము కూడ ఇట్లే చెప్పుచున్నది: నడకదారి ఉన్నదని చెప్పి బండ్లు తోలరాదు, ఎదుటివాని భారము పెంచరాదు. రెండు గంటలు మాటలాడితిమి. ప్రార్థనతో ముగించితిమని వ్రాయుటకు సిగ్గగుచున్నది. ప్రార్థన చేసిన పిమ్మట కూడ వాదించితిమి.

చివరకు గోడలో ఆరడుగుల సందు విడిచితిమి. ఎంత వెడల్పో, ఎటునుండి ఎటో కాగితముమీద వ్రాసి, ఆ కోపించిన పెద్దచేతనే మొదటి సంతకము చేయించితిమి. మీరు పొలములు పంచుకొనునప్పుడు నోటిమాటతో విడువక, దారి వెడల్పును దిక్కును పంపకపు దస్తావేజులో చేర్చి రిజిస్టరు చేయించుడి. తండ్రులు ఇచ్చిపుచ్చుకొనిన మాట మనుమలకు జ్ఞాపకముండదు.

ఆ వృద్ధురాలు ఇప్పుడును ఆ సందునుండియే చెరువుకు పోవుచున్నది. నిన్న చూచితిని: మేకను త్రాటితో దగ్గరగా పట్టుకొని, మొక్కలవైపు పోనియ్యక దాటించుచుండెను.