కానుక సొమ్ము ఎవరి పిల్లలకు?



పేద హైస్కూలు పిల్లలకు సైన్సు, ఇంజనీరింగు చేసి చూపించు కార్యక్రమములకు సంఘములు సాయపడవలెనని ఎవరైనా అన్నప్పుడెల్లా ఒక ప్రశ్న లేచుచున్నది: సంఘ కానుక సంఘ బిడ్డలకే గదా చెందవలెను? దీనిని స్వార్థపు మాట అని నేను తోసివేయను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రింద క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. వలస వచ్చిన రాష్ట్రములో సర్టిఫికెట్ల కొరకు మన తలిదండ్రులు ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కిరో మీరెరుగుదురు. మన పిల్లలను మనము గాక ఎవరు చూతురు?

అయినను మన చరిత్ర వేరొక దారి చూపుచున్నది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొనిరి. మిషనరీ కాకమునుపు అమెరికాలో నేర్చిన భూమి సర్వే పని ఆ దినములలో ఆకలిగొన్నవారికి కూలి అన్నమైనది. సాయము కొరకు ఎవరును విశ్వాసము చెప్పుకొనరాదని కరవు కాలమంతా ఆయన బాప్తిస్మములు నిలిపివేసిరి. తరువాతనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఘ సభ్యులకే పని అనియుంటే మనలో అనేకుల ముత్తాతలకు పార దొరికెడిది కాదు. వారు అప్పటికి సభ్యులు కారు.

కోలారు బంగారు గనుల సంగతి చూడండి. అక్కడికి తమిళులతోపాటు తెలుగువారును పనికి పోయిరి. 1965లో ఆ గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, వాతావరణములో పుట్టు న్యూట్రినోల జాడను శాస్త్రజ్ఞులు పట్టిరి. ఇతర కిరణములను పైనున్న రాయి ఆపివేయును గనుక అంత లోతు కావలసివచ్చెను. లోకమునకు అది గొప్ప వార్త. గని లైన్లలోని పిల్లలలో ఎందరికి తమ తండ్రుల కాళ్ల క్రింద జరిగినది ఎవరైనా విప్పి చెప్పిరి? గనులు 2001లో మూతపడెను. ఆ లైన్లలో ఒకే కుళాయి నీళ్లు త్రాగిన పిల్లలను ఏ గీత గీసి వేరు చేయుదుము?

అక్కడికి దూరము కాని కుప్పము వద్ద కేంద్రము గల అగస్త్య ఫౌండేషన్, 1999లో మొదలైనది, ప్రయోగ సామగ్రిని వ్యానులలో వేసికొని ప్రభుత్వ బడులకు పోవును. పేరు చూచి జంకువారు మనలో ఉన్నారు. పిల్లలు అద్దములు, అయస్కాంతములు చేతబట్టుకొందురు, అంతే.

నాకు ఎక్కువ కష్టముగా తోచినది మరొకటి. సాయము చేయదలచిన కమిటీలు కూడ మొదటి ర్యాంకు పిల్లలనే ఏరుకొందురు. వారికి ట్యూషన్లున్నవి, ఉపాధ్యాయుల మెప్పున్నది. లెక్కలలో తప్పి, ఇంట పాత రేడియో విప్పి మరల బిగించు అమ్మాయిని ఎవరు పిలుతురు? ఆమె మార్కులు చూపి మాకు ఫలితమేమని అడిగిన దాత ఎదుట కార్యదర్శికి జవాబుండదు. ఆ ఇబ్బంది మనము భరింపవలెనని నా అభిప్రాయము.

ఖర్చు పెద్దది కాదు. తీగలు, బ్యాటరీలు, భూతద్దములు, రిటైరైన ఒక సైన్సు టీచరు చాలును. మన హాళ్లు ఆదివారము తప్ప తాళము వేసియుండును. శనివారము మధ్యాహ్నము తెరువవచ్చును. కాంపౌండు గోడ చందాలో కొంత ఇటు మరల్చినయెడల గోడ ఒక ఏడాది ఆలస్యమగును. తొమ్మిదవ తరగతి పిల్లలు అంతవరకు ఆగలేరు గనుక, శనివారము తాళపుచెవి ఎవరి యొద్ద ఉండవలెనో ముందుగా కమిటీలు తేల్చుకొనవలెనని మనవి.