నేను ఎన్నో సాక్షిని?

బెంగళూరులో డిగ్రీ చదివే మా పెద్దమ్మ కొడుకు దసరా సెలవులకు గౌరిబిదనూరు వచ్చినప్పుడు ఒక ఇంగ్లీషు సినిమా కథ చెప్పాడు. పేరు 'ఆల్ఫా డాగ్'. నిక్ కసావెటిస్ తీసిన సినిమా. పెద్దవాళ్ళకు మాత్రమే అని ఉందంట కాబట్టి నేను చూడలేదు, కథ విన్నాను అంతే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అది నిజంగా జరిగిన కథ. 2000 ఆగస్టులో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, గంజాయి అమ్మే కుర్రవాళ్ళకు ఒకడు సుమారు 1,200 డాలర్లు బాకీ పడ్డాడు. అతని మీద కోపంతో, రోడ్డు మీద కనిపించిన అతని తమ్ముణ్ణి వ్యానులో ఎక్కించుకొని పోయారు. ఆ తమ్ముడికి 15 ఏళ్ళు, నా వయసే. మూడు రోజులు వాళ్ళ ఇళ్ళలో, పార్టీలలో అందరి ముందరే తిప్పారు. ఎత్తుకొచ్చిన పిల్లవాడని తెలిసినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ఒక్కరూ పోలీసులకు ఫోను చేయలేదు. ఆగస్టు 9న శాంటా బార్బరా దగ్గర కొండల్లో కాల్చి చంపారు. చేయించినవాడికి అప్పుడు 20 ఏళ్ళు. బ్రెజిల్‌కు పారిపోయి 2005లో దొరికాడు, 2009లో కోర్టు వాడే దోషి అని తేల్చింది.

సినిమాలో ఆ పిల్లవాణ్ణి చూసినవాళ్ళు కనిపించినప్పుడు తెర మీద 'సాక్షి' అని, పక్కన నంబరు వేస్తారంట.

కాల్చినవాడిదే తప్పు, చూసినవాళ్ళు ఏం చేస్తారు అని నేను మా అన్నతో వాదించాను. మా ఇంట్లో కూడా ఏదైనా గొడవ కనిపిస్తే "నీకెందుకురా, ఊరకుండు" అంటారు. ప్రేమతోనే అంటారు. మన చట్టం మాత్రం అట్లా అనదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షను ప్రకారం హత్య లాంటి నేరం సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పడం మన బాధ్యత. కానీ చట్టం తెలిస్తే ధైర్యం వస్తుందా?

నా సంగతి చెప్తాను. పోయిన సంవత్సరం నా స్నేహితుడు ఒకడు రైలు పట్టాల పక్కన జేబులోని పొట్లం చూపించి, "ఎవరికీ చెప్పను అని అమ్మ మీద ఒట్టు వెయ్యి" అన్నాడు. వేశాను. కొన్ని నెలలకు వాడు బడికి రావడం మానేశాడు. వాళ్ళ నాయన మా ఇంటికి వచ్చి "నీకేమన్నా తెలుసా నాయనా?" అని అడిగితే "లేదు మామా" అన్నాను. ఒట్టు నిలబెట్టుకున్నాను అని అప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉండింది!

చెప్తే వాణ్ణి జైల్లో వేస్తారని కూడా భయపడ్డాను. తానుగా వైద్యానికి వచ్చినవాళ్ళకు కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను మత్తు పదార్థాల చట్టంలోనే ఉందని, 14446కు ఫోను చేస్తే దారి చెప్తారని నాకు తరువాతే తెలిసింది. ఇప్పుడు ఇంకొకటి అనిపిస్తుంది. దాచాలనుకున్నవాడు నాకెందుకు చూపించాడు? ఎవరైనా ఆపుతారని చూశాడేమో.

మొన్న ఆదివారం వాళ్ళ ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. ఆవుకు గడ్డి వేస్తూ "అప్పుడే చెప్పింటే..." అని ఆగిపోయాడు.