కనబడని నొప్పికి తీర్పు తీర్చవచ్చునా?

ధ్యానభాగము: 2 రాజులు 4:18–20



షూనేము గ్రామపు చిన్నవాడు కోతకాలమున తండ్రియొద్దకు పొలమునకు పోయి, తల నొచ్చుచున్నదని మొఱ్ఱపెట్టెను. ఒంటిమీద గాయము లేదు. బిడ్డ మాటయే సాక్ష్యము. తండ్రి ఆ మాటను నమ్మి, పనివానిచేత వానిని తల్లియొద్దకు మోయించెను.

విరిగిన కాలికి కట్టు కనబడును. జ్వరమును చేయి వేసి చూడవచ్చును. తలనొప్పికి చూపుటకేమియు లేదు. అందుచేత మనలో దానికి జాలికంటె తీర్పు ముందుగా దొరకును. సోమరితనమని ఒకరు, దయ్యమని ఒకరు, విశ్వాసలోపమని మరియొకరు అందురు. ఉపవాస ప్రార్థనలో మధ్యాహ్నమునకు తల పట్టుకొని లేచిపోయిన స్త్రీనిగూర్చి గుసగుసలు బయలుదేరును. ఇది న్యాయమా?

మన పెద్దలు పార్శ్వపు నొప్పి అనుదానిని వైద్యులు మైగ్రేన్ అందురు. అది మెదడునకు సంబంధించిన నిజమైన వ్యాధి; తరచుగా వంశములో వచ్చును. తలకు ఒక ప్రక్క పోటు, వాంతి, వెలుతురును శబ్దమును ఓర్వలేకపోవుట దాని గుర్తులు. మందు లేనిచో 4 గంటలు మొదలుకొని 72 గంటలవరకు ఉండవచ్చును. పురుషులలోకంటె స్త్రీలలో రెండు మూడింతలు ఎక్కువ. ఆకలి, నిద్రలేమి, అలవాటైన కాఫీ టీలు మానుట దానిని రేపును. కాబట్టి ఉపవాసదినమున వచ్చిన తలనొప్పి శరీరధర్మమేగాని ఆత్మీయ బలహీనత కాదు. ఆహారవిషయమై ఒకరికొకరు తీర్పు తీర్చరాదని పౌలు రోమా సంఘమునకు బోధించెను గదా (రోమా 14).

“నెపము చెప్పువారు లేరా?” అని అడుగవచ్చును. ఉందురు. అయితే నెపము చెప్పినవానిని నమ్మినచో మనకు ఒక పూట పని పోవును. నిజముగా బాధపడువానిని నమ్మకున్నచో పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలికినవారమగుదుము. ఏ నష్టము గొప్పదో మీరే తూచి చూడుడి.

నమ్మినవారు ఊరకుండరాదు. ఆ షూనేమీయురాలు గాడిదకు గంత కట్టించి దైవజనునియొద్దకు పరుగెత్తెను. మీరును రోగిని చీకటిగదిలో పరుండనిచ్చి, వంటపనిని పంచుకొనుడి. భోజనము, నిద్ర వేళకు జరుగునట్లు చూడుడి. దుకాణపు మాత్రలు నెలలో 15 దినములో అంతకెక్కువో, మూడు నెలలు దాటి మ్రింగినచో, ఆ మాత్రలే తలనొప్పికి కారణమగును. గనుక వైద్యుని అడుగుడి. నొప్పి పిడుగువలె హఠాత్తుగా వచ్చినను, జ్వరముతో మెడ బిగిసినను, మాట తడబడినను, కాలుచేయి పడిపోయినను, తలకు దెబ్బ తగిలిన పిమ్మట హెచ్చుచున్నను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొని పోవుడి. దారిలో ప్రార్థింపవచ్చును. హిజ్కియా కన్నీటి ప్రార్థనను దేవుడు వినెను. అయినను యెషయా అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను.

రాబోవు ఉపవాస కూటమునకు ఆ సహోదరి ఇంత అన్నము తిని వచ్చినచో, చాపమీద ఆమెకు చోటిండు. ఎదుటివారి బాధను నమ్ము హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.