తెగిన చెవి

స్క్రాచ్‌బోర్డ్ మీద బొమ్మ వేయడమంటే గీకడమే. తెల్లటి బంకమట్టి పూత, దాని మీద నల్ల ఇంకు. సూదిమొనతో గీకిన చోటల్లా తెలుపు బయటపడుతుంది. ఒక్కో వెంట్రుకకీ ఒక్కో గీత.

చనిపోయిన మా వీధికుక్కని ఫోన్లో ఫొటో చూసి వేస్తున్నాను. దాని ఎడమ చెవి సగం తెగి ఉండేది. చెవి పూర్తిగా గీసేస్తే బొమ్మ ఎంత బావుంటుందో! అడిగేదెవరు? కానీ వెంట్రుకలన్నీ నిజంగా గీసి, దెబ్బ దగ్గర అబద్ధమాడితే అది ఏ కుక్క? ఎవరో రాయి విసిరి ఆ చెవి తెగినప్పుడు నేను బాల్కనీలోంచి చూస్తూ ఊరుకున్నాను. నేను దాచాలనుకున్నది ఆ రోజునే.

బోర్డు మీద తప్పు గీత పడితే ఇంకు పూసి మళ్ళీ గీకొచ్చు. ఆ రోజుకి ఆ వీలు లేదు. తెగిన మేర నలుపుగానే వదిలేశాను.