కాలముద్రయు ప్రమాణమును

వర్డ్ పత్రమొకటి తాను పుట్టుటకు ముందే సవరింపబడినట్లు చూపినచో, కూటరచనయని శంకించుట సహజమే. కాని విండోస్‌లో ఫైలును వేఱొకచోటికి నకలు చేసినప్పుడు సృష్టికాలము క్రొత్తదై సవరణకాలము పాతదే నిలుచుననియు, డాక్స్ ఫైలును జిప్‌గా విప్పినచో లోని భాగములపై తఱచుగా కనబడు 1980 జనవరి 1 అను తేదీ జిప్ కాలగణనకు ఆరంభదినమే తప్ప రచనాదినము కాదనియు ఎఱిగినవానికి ఆ వైరుధ్యము విడిపోవును. మొత్తము సవరణకాలముగా చూపబడు నిమిషములు సైతము పత్రము తెఱచియున్న కాలమును సూచించునే గాని, రచయిత ఆలోచించిన కాలమును కాదు.

ఇట్టి తొందరపాటు ఊహకు తర్కశాస్త్రమున పోలిక కలదు: ఆవిరిని ధూమమని భ్రమించి వహ్నిని ఊహించువాని హేతువు అసిద్ధమని, అనగా నిలువనిదని, నైయాయికులు నిర్ణయించిరి. ఫైలుపైని కాలముద్రయు గడియారము విడిచిన లింగమే, అనగా ఊహకు గుర్తే, కాని నమ్మదగినవాని మాటయగు ఆప్తవాక్యము కాదు. ఆ గడియారమును యజమాని వెనుకకు త్రిప్పనూవచ్చును. కావున ఒకనిపై దోషమారోపింపబూనువాడు, ఆ అంకె యే వ్యాపారమువలన పుట్టినదో తెలిసికొనిన పిమ్మటనే తీర్పు చెప్పుట ధర్మము.