ఒక గిన్నెడు జన

సాల్మన్ చేప కడుపులోంచి తీసిన గుడ్ల సంచి జానెడు పొడుగుంటుంది. నారింజ రంగులో, మెత్తగా, చూపుకి తేలిగ్గా, చేతికి బరువుగా. జపాన్‌లో దీన్ని సుజికో అంటారు. పొర విడదీసి గింజలుగా చేస్తే ఇకురా. ఈ రెండో మాట అసలు జపనీసుది కాదు, రష్యన్ ‘ఇక్రా’ అక్కడికి వలసపోయింది. మన గోదావరి జిల్లాల్లో చేప గుడ్లని జన అంటారు. వ్యుత్పత్తి సంగతి పండితులు చూసుకుంటారు గానీ, ఆ మాట వినగానే జననమూ జనమూ రెండూ నాకు గుర్తొస్తాయి. ఈ వ్యాసంలో ఆ మాటే వాడతాను.

ఇంట్లో జన ఊరబెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో, అంటే 40 డిగ్రీలకి అటూ ఇటూగా, సంచిని తెరిచి వేళ్ళతో మెల్లగా నిమిరితే గుడ్లు పొర నుంచి ఊడొస్తాయి. కొందరు పెద్ద కన్నాల జాలీ మీద రుద్దుతారు. భయపడక్కర్లేదు, బఠాణీ గింజంత ఉండే ఆ గుడ్లు అంత సులువుగా పగలవు. నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి, పొర పీలికలు ఏరేసి, నీరు ఓడ్చి, సోయా సాస్, సాకే, మిరిన్ కలిపి మరిగించి చల్లార్చిన దాంట్లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడమే. రష్యన్లు ఉప్పునీళ్ళతోనే సరిపెడతారు. అనిసాకిస్ అనే పురుగు భయం ఉంది కాబట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం రోజులు గడ్డకట్టించి గానీ తినకూడదు. ఈ ఒక్క మెట్టు దగ్గర మాత్రం ఎవరి వీడియోలోని ధైర్యాన్నీ నమ్మకండి.

కడిగేటప్పుడు ఒక వింత జరుగుతుంది. ఉప్పు చాలని నీళ్ళు తగిలితే గుడ్లు తెల్లగా మసకబారతాయి. లోపలుండే గ్లోబ్యులిన్ ప్రొటీన్లు తగినంత ఉప్పు ఉంటేనే కరిగి ఉంటాయి, పలచబడితే పాలు విరిగినట్టు విరుగుతాయి. మళ్ళీ ఉప్పులో వేస్తే కాసేపటికి అద్దంలా తేటపడతాయి. చేపపిల్లల్ని పొదిగించే హేచరీలో తెల్లబడిన గుడ్డంటే చచ్చిన గుడ్డు, ఏరి పారేస్తారు. వంటింట్లో అదే తెలుపు, ఉప్పు పడగానే ప్రాణం లేచొచ్చినట్టు మెరుస్తుంది. ప్రాణమేం లేచిరాలేదు. అసలు అక్కడ ప్రాణం అనదగిందేమైనా ఉందా అన్నదే నా ప్రశ్న. ఉంటే ఎవరిది?

ఒక చమ్ సాల్మన్ కడుపులో సుమారు 3000 గుడ్లుంటాయి. ఆ అంకె వినగానే కొందరికి గుండె ఝల్లుమంటుంది. శాకాహారి స్నేహితుడొకడు నా గిన్నెలోకి చూసి, “ఒక కోడిని తింటే ఒక ప్రాణం రా, ఇదేంటి, ఊరు ఊరంతా కదా” అన్నాడు. వాడికి చెప్పదగ్గ సమాధానాల్లో మొదటిది లెక్కల సమాధానం. చేపల సంఖ్య పెరగకుండా తరగకుండా ఉండాలంటే ఒక జంట పెట్టిన 3000 గుడ్లలో సగటున రెండు పెద్దవై తిరిగొస్తే చాలు. మిగతావి ఏటి అడుగున, సముద్రంలో, ఎవరో ఒకరి నోట్లో పోతాయి. అంటే నేను తినేది దాదాపు ఎలాగూ పోయేవాటినే. వినడానికి బావుంది గానీ ఈ వాదన నాకు నచ్చదు. ఎంత అవసరమో అంతకంటే ఎక్కువ నిరూపిస్తుంది కాబట్టి. మన ముత్తవ్వల కాలంలో ఎనిమిదిమంది పుడితే నలుగురు మిగిలేవాళ్ళు. అంతమాత్రాన ఆ ఎనిమిదిమందిలో ఎవరి విలువా సగం కాలేదు. బతికే అవకాశం వేరు, బతుకు విలువ వేరు.

రెండోది కాస్త గట్టి సమాధానం. ఈ గుడ్లు ఫలదీకరణ చెందినవి కావు. సాల్మన్‌లో ఆ పని శరీరం బయట, ఏటి గులకరాళ్ళ మధ్య జరుగుతుంది. కడుపులో ఉన్న జనకి మగచేప సంగతే తెలీదు. నరాలు లేవు, నొప్పి లేదు. ‘కాబోయే చేప’ అంటారా? పీటర్ సింగర్ ‘ప్రాక్టికల్ ఎథిక్స్’లో దీనికో ఉదాహరణ ఇచ్చాడు: ప్రిన్స్ చార్లెస్ కాబోయే రాజు, అయినంత మాత్రాన ఇప్పుడే రాజుకుండే హక్కులు ఆయనకి రావు. (2022లో ఆయన రాజైపోయాడు, పాపం ఆ ఉదాహరణకి కాలదోషం పట్టింది. వాదనకి పట్టలేదు.) ఇదే తర్కంతో మనవాళ్ళలో ఎంతోమంది కోడిగుడ్డుని శాకాహారం ఖాతాలో వేసుకున్నారు. వాళ్ళది కపటం అనుకోను నేను.

కానీ జన ఆ ఖాతాలోకి రాదు. గుడ్డు పెట్టిన కోడి రేపూ ఉంటుంది. జన కావాలంటే చేపని కొయ్యాలి. స్టర్జన్ చేప కడుపు నిమిరి, చంపకుండా గుడ్లు తీసే పద్ధతులున్నాయి. పసిఫిక్ సాల్మన్ విషయంలో దానికి అర్థం లేదు, ఎందుకంటే గుడ్లు పెట్టాక అది ఎలాగూ చనిపోతుంది. కాబట్టి నైతిక భారం అంటూ ఉంటే అది 3000 గుడ్ల మీద పరుచుకుని లేదు, మొత్తం తల్లి మీదే ఉంది. అంకె మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

“ఎలాగూ చచ్చేదే” అన్న మాట చెడ్డగా వాడుకలో ఉన్న వాదన. ఎలాగూ చావనిది ఏదుంది? నిజానికి ఇక్కడ చూడాల్సింది ఎన్ని రోజులు పోయాయన్నది కాదు, ఏది మధ్యలో తెగిందన్నది. నేనుండే సియాటిల్ పక్కన ఇసక్వా అనే ఊళ్ళో 1936లో కట్టిన సాల్మన్ హేచరీ ఉంది. అక్టోబరు వస్తే మన కుటుంబాలు పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వెళ్తాయి. మెట్లమెట్లుగా ఉన్న నీటికి ఎదురెక్కుతూ, చర్మం ఊడి, తోకలు అరిగిపోయి వస్తుంటాయి చేపలు. నదిలోకి వచ్చాక అవి తినడం దాదాపు మానేస్తాయి. ఒళ్ళంతా కరిగించి ఈ ఒక్క పనికే ఖర్చుపెడతాయి. దానికి ఆశ, ఆశయం లాంటి మాటలు అంటగట్టను. అయినా దాని శరీరమంతా ఒకే వైపు తిరిగి ఉందని చూస్తే తెలుస్తుంది. సింగర్ లెక్కలో నొప్పికి గడి ఉంది, ఈ దిశకి లేదు.

ఇబ్బంది ఇక్కడే. రుచి కూడా సరిగ్గా ఆ దిశ చివరికి రాకముందే ఉంది. గుడ్లు పెట్టే వేళ దగ్గరపడేకొద్దీ వాటి పొర గట్టిపడుతుంది. జపాన్‌లో అలాంటివాటిని పింగ్‌పాంగ్ బంతులంటారు, పంటి కింద జారిపోతాయి. కాబట్టి మంచి ఇకురా అంటే గమ్యం కనుచూపు మేరలో ఉండగా ఆపేసిన ప్రయాణం. ఇంట్లో మన చేత్తో చేసుకుంటే తిండితో నిజాయితీగా ఉన్నట్టు అని ఈమధ్య ఒక నమ్మకం బలపడింది. మైకేల్ పోలన్ పుస్తకాలు చదివినవాళ్ళలో మరీను. పొర వేళ్ళకి చుట్టుకుంటే నాకు విషయం తెలిసింది, ఒప్పుకుంటాను. తెలియడం అనుమతి కాదు. పైగా మన ఇళ్ళలో తరతరాలుగా చేప కోసింది బజారులో కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ. పాపపుణ్యాల చర్చ చేసింది అన్నం కలుపుకుంటున్న మనం. ఒక ఆదివారం నేను చేతులు తడుపుకున్నంత మాత్రాన ఆ ఏర్పాటేమీ మారిపోదు.

జపాన్‌లో మియాగి ప్రాంతపు వతారి ఊరి వంటకం హరాకో మేషి: సాల్మన్ ముక్కలూ దాని గుడ్లూ ఒకే గిన్నెలో అన్నం మీద. కోడీ గుడ్డూ కలిపిన వంటకానికైతే ‘తల్లీపిల్లల గిన్నె’ అనే పేరే పెట్టారు, ఓయకోదోన్ అని. నవ్వుతూ పెట్టిన పేరే అయినా సంగతి గమనించినట్టే కదా. యూదుల ధర్మశాస్త్రం అదే సంగతిని గమనించి నిషేధం పెట్టింది: గూట్లో తల్లి పక్షి కనిపిస్తే దాన్ని వెళ్ళగొట్టి పిల్లల్ని తీసుకో, రెండిటినీ కలిపి తీసుకోకు అని. ఎందుకని? తల్లి బాధ చూసి అన్నాడు పన్నెండో శతాబ్దపు మైమోనిడీస్. తరవాతి శతాబ్దపు నాక్మనిడీస్ ఇంకో కారణం చెప్పాడు: ఒక జీవిని చంపి తినడానికి అనుమతి ఉంది, జాతిని తుడిచిపెట్టడానికి లేదు, తల్లినీ పిల్లల్నీ ఒకే రోజు తీసుకోవడం జాతిని తీసుకోవడం లాంటిదే. అసలూ వడ్డీ ఒకేసారి కాజెయ్యొద్దని. ఈ నియమం చేపలకి వర్తించదు. యూదుల భోజనాల బల్లల మీద ఎర్ర జన మామూలే. అయినా నాక్మనిడీస్ చెప్పిన కారణం పక్షులకంటే చేపలకే బాగా అతుకుతుంది.

అలాస్కా వాళ్ళు చేసేది దాదాపు అదే. నదిలోకి ఎన్ని చేపలు పైకి వెళ్ళాయో గట్టు మీద మంచెలు కట్టి లెక్కపెడతారు. సరిపడా వెళ్ళాయని తేలేకొద్దీ వలలకి సమయం ఇస్తారు. ముందు నది వాటా, ఆ తరవాత మనది. ఈ లెక్క ఒప్పుకుంటే నా గిన్నెలోని జన మీద నాకు పెద్దగా పేచీ లేదు. గుడ్డుకి హక్కు లేదు, తల్లికి కొంత ఉంది, నదికి చాలా ఉంది.

ఇక్కడితో ఆపేసి హాయిగా తినొచ్చు. కానీ తెలుగువాడికి పులస గుర్తు రాకుండా ఉండదు. అదీ సముద్రం నుంచి నదికి ఎదురెక్కి గుడ్లు పెట్టేదే. పుస్తెలమ్మైనా తినాలని సామెత కట్టుకున్నాం. సాల్మన్‌కీ దానికీ ఒక తేడా ఉంది. పులస గుడ్లు పెట్టాక చావదు. తిరిగి సముద్రానికి వెళ్ళి మళ్ళీ రాగలదు. అంటే సియాటిల్‌లో నాకున్న సాకు రాజమండ్రిలో లేదు. అక్కడ జన ఉన్న చేపని కోస్తే ఈ ఏటి గుడ్లే కాదు, వచ్చే ఏటివి కూడా పోతాయి. పైగా 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని దారిని ఎప్పుడో కుదించేసింది. ఉన్న కాస్త నీటిలో, వరద వచ్చిన ఆ కొద్ది వారాల్లో, మనం సరిగ్గా జన కోసమే ఎక్కువ డబ్బిస్తాం.

బంగ్లాదేశ్‌లో ఇదే చేపని అక్టోబరులో 22 రోజులు పట్టనివ్వరు. ప్రభుత్వ ప్రచారంలో దాని పేరే ‘మా ఇలిష్’, తల్లి పులస. పట్టడమే కాదు, అమ్మడం కూడా నేరం. జాలరి కుటుంబాలకి ఆ రోజుల్లో బియ్యం ఇస్తారు. మంచి చట్టమే. కాకపోతే అందులో పస్తు ఎవరిదో చూడండి. ఢాకాలో తినేవాడికి మూడు వారాలు ఒక కూర తగ్గుతుంది, పడవవాడికి మూడు వారాల సంపాదన పోతుంది. తల్లి మీద జాలి తినేవాళ్ళకి పుట్టింది, దాని ఖరీదు పట్టేవాళ్ళు కడుతున్నారు. నైతిక ప్రశ్నలు వేసుకునే నాలాంటివాళ్ళం ఈ రెండో లెక్కని తొందరగా దాటేస్తాం. జన లేని చేపకి కూడా అంతే ధర ఇస్తే సగం గొడవ తగ్గుతుంది గదా అనిపించింది నాకు. చట్టం అక్కర్లేదు, కొనేవాళ్ళ అలవాటు మారితే చాలు.

ఈ మాటే ఫోన్‌లో రాజమండ్రిలో ఉన్న మా బాబాయితో అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, “జన లేకపోతే అది పులసెందుకవుద్దిరా?” అన్నాడు. నేను మళ్ళీ నది వాటా గురించి మొదలుపెట్టబోయాను. “నువ్వు ఆగస్టులో వస్తున్నావుగా. రెండూ తెప్పిస్తాను, జన ఉన్నదీ లేనిదీ. పిన్ని వండుద్ది. తిని అప్పుడు చెప్పు” అన్నాడు.

టిక్కెట్లు 9వ తేదీకి తీసుకున్నాను.