చుక్కలు తీసేద్దామంది మా కోడలు

భగవద్గీత రెండో అధ్యాయంలో 47వ శ్లోకం వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆఫీసు గోడల మీద, పదవీ విరమణ సభల్లో, పరీక్ష తప్పిన పిల్లల్ని ఓదార్చేటప్పుడు అది ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. అయితే అందరూ చెప్పేది మొదటి సగమే. పని చేయడం వరకే నీ వంతు, ఫలం నీ చేతిలో లేదు అని. ఆ శ్లోకానికి ఇంకో రెండు పాదాలున్నాయి. ఫలమే నీ పనికి కారణం కాకూడదంటుంది మూడోది. అలాగని పని మానుకుని కూర్చోవడం మీద మోజు పెంచుకోవద్దంటుంది నాలుగోది. ఈ రెండు పాదాలూ నాకు ఇన్‌స్టాగ్రామ్ వల్ల బోధపడ్డాయంటే మావారు నవ్వుతారు. ఏటా మార్గశిర శుద్ధ ఏకాదశికి, అంటే గీతా జయంతికి, గుళ్ళో పారాయణం దగ్గరుండి చేయించే మనిషి ఆయన.

మాది తెనాలి. ధనుర్మాసం నెల్లాళ్ళూ వాకిట్లో పెద్ద ముగ్గులు పెట్టడం మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. మా కోడలు వాటిని ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. 2020 జూన్ చివర్లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. ఆ తర్వాత మా కోడలు, "ఫోటో దగ్గర ఎవరూ ఆగట్లేదత్తయ్యా, వీడియో కావాలి" అంది. దాంతో మా వాకిలి పద్ధతే మారిపోయింది. ఇదివరకు చీకటితో లేచి, కల్లాపి చల్లి, తెల్లారేలోపు ముగ్గు ముగించేదాన్ని. చీకట్లో కెమెరాకి ఏమీ ఆనదు కనుక ఇప్పుడు వెలుగొచ్చాకే మొదలు. మేడమీద పిట్టగోడకి కర్ర కట్టి, దానికి ఫోను తగిలిస్తారు. నా నీడ ముగ్గు మీద పడకుండా పడమటి పక్కనుంచే వంగాలి. బియ్యప్పిండి వీడియోలో పాలిపోయినట్టు కనిపిస్తుందని ముగ్గురాయి పొడి వాడుతున్నాం. చీమలకి ఆ మేరకు పస్తే. గృహస్థు రోజూ చేయాల్సిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. నోరులేని ప్రాణులకి ఇంత పెట్టడం. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు ఆ పద్దులోకే వస్తుందని మా అమ్మ అనేది. అందుకని కెమెరాకి అందని మూల చూసి గడప పక్కన పిడికెడు పిండి విడిగా చల్లుతున్నాను.

ఇంతవరకూ నాకేమీ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఇన్‌సైట్స్ దగ్గర వచ్చింది. ఎంతమంది చూశారు, ఎంతసేపు చూశారు, ఎక్కడ వదిలేసి వెళ్ళిపోయారు అని అందులో ఒక గీత గీసి చూపిస్తారు. మా గీత ప్రతిసారీ ఒకేచోట జారుతోంది. నేను చుక్కలు పెట్టే చోట.

పదిహేను నుంచి ఎనిమిది దాకా సందుచుక్క పెట్టాననుకోండి, మొత్తం 169 చుక్కలు. ముందు నడిమి వరస వేసుకుని, దానికి అటూ ఇటూ వరసకొకటి తగ్గించుకుంటూ, పై వరసలో రెండు చుక్కల సందున కింది చుక్క పడేలా పెట్టుకుపోవాలి. ఒక్కటి పక్కకి జరిగితే చివర్లో మెలిక కలవదు. ముగ్గంతా అక్కడే ఉంది. గీతలు కలపడం చేతివాటం, చుక్కలు పెట్టడం ధ్యాస. చూసేవాళ్ళకి మాత్రం విసుగు పుట్టేదీ అక్కడే. వీడియోని ఎంత వేగంగా తిప్పినా చుక్కల దగ్గర జనం జారిపోతున్నారు. "చుక్కలు తీసేద్దాం అత్తయ్యా, సరాసరి గీతల్నుంచి మొదలెడదాం. మొదటి మూడు సెకన్లలో ఏదో ఒకటి కనపడాలి" అంది మా కోడలు. దాని లెక్క తప్పని నేననను. మెలికల ముగ్గుకన్నా రంగులేసిన నెమలికి నాలుగింతలు ఎక్కువమంది వస్తున్నారన్నది కూడా నిజమే. కానీ మర్నాడు పొద్దున్న డబ్బా తీసుకుని వాకిట్లో నిలబడగానే నా చెయ్యి తనంతట తను నెమలి వైపు పోయింది. ఎవరూ చెప్పలేదు. నిన్నటి ఫలం ఇవాళ్టి పనికి కారణమైపోయింది. మూడో పాదం చెప్పేది అక్షరాలా ఇదే కదా!

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. నలుగురూ చూడాలన్న కోరికే పాపమని కొందరు పెద్దలు ప్రవచనాల్లో చెప్తుంటారు. ఈషణత్రయంలో ఒకటైన లోకేషణ అని పేరు పెట్టి మరీ చెప్తారు. నాకది అంత సులువుగా ఒంటబట్టదు. ఎవరూ చూడకూడదనుకుంటే ముగ్గు పెరట్లో వేసుకోవచ్చుగా? వీధిలోనే ఎందుకు వేస్తాం? సంక్రాంతి మూడు రోజులూ ఎదురింటివాళ్ళ ముగ్గు ఎంత పెద్దదో తొంగి చూడని ఇల్లాలు మా పేటలో లేదు. మా అమ్మ అయితే పక్క వీధిలోకి వెళ్ళి చూసి, చుక్కలు లెక్కపెట్టుకుని, కొంగు ముడిలో దాచుకున్నట్టు మనసులో దాచుకుని వచ్చి, మర్నాడు రెండు వరసలు ఎక్కువ వేసేది. అది భక్తి కాదనడానికి నాకు నోరు రాదు.

పైగా ఇది తిరుప్పావై నెల. తిరుమలలోనే సుప్రభాతం ఆపి తిరుప్పావై వినిపించే రోజులివి. అందులో ముప్పై పాశురాలుంటే ఆరు నుంచి పదిహేను దాకా పది పాశురాలు ఆండాళ్ చేసే పని ఒక్కటే, నిద్రపోతున్న చెలికత్తెల్ని లేపి వెంటబెట్టుకోవడం. వ్రతం అనగానే కాటుక వద్దంది, పూలు వద్దంది, పాలూ నెయ్యీ వద్దంది. తోడు మాత్రం వద్దనలేదు. జనాన్ని పోగుచేయడం ఆమెకి వ్రతంలో భాగమే. కానీ ఎలా పోగుచేసిందో చూడండి. ప్రతి గుమ్మం ముందూ నిలబడి పిలిచింది. ఒకామె ఎంతకీ లేవకపోతే, మీ అమ్మాయి మూగదా చెవిటిదా అని వాళ్ళమ్మనే నిలదీసింది. ఇంకొకామెని, కుంభకర్ణుడు తన నిద్ర నీకు అప్పజెప్పి పోయాడా అని దెప్పింది. పదిమందికీ పది పిలుపులు. ఒకరికి చెప్పింది మరొకరికి చెప్పలేదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో నన్ను తికమక పెట్టేది అక్కడే. ఎంతమందో కచ్చితంగా తెలుస్తుంది, ఎవరో తెలియదు. పురుషసూక్తంలో భగవంతుడికి వేయి కళ్ళన్నారు. వేయి అంటే లెక్కలేనన్ని అని పెద్దలు అర్థం చెప్తారు. కళ్ళు ఎన్నున్నా చూసేవాడు ఒక్కడే అక్కడ. మా ఖాతాకి వెయ్యి దాటినరోజు ఇంట్లో పాయసం కూడా వండారు. ఆ వెయ్యి వెనక ఒక్క ముఖమైనా గుర్తు తెచ్చుకుందామంటే నాకు రాలేదు. వీధిలో పదిమంది చూస్తే ఆ పదిమంది చూపూ నాకు తెలుసు. పాలబ్బాయి సైకిలు దిగి ముగ్గు చుట్టూ తిరిగి వెళ్తాడు, ఎదురింటి పిన్నిగారు "మూడో వరసలో మెలిక తప్పావే అమ్మాయ్" అంటారు. సంఖ్య ఎప్పుడూ మెలిక తప్పావని చెప్పదు. పెరుగుతుంది, తరుగుతుంది, అంతే.

ముఖాలున్నవి కామెంట్లే. డల్లాస్‌లో ఉండే ఒకావిడ ఇంటి ముందు కార్లు పెట్టుకునే సిమెంటు మీద పిల్లచేత చాక్‌పీసుతో వేయిస్తానని రాసింది. "అమ్మా, ఎన్ని చుక్కలు, ఎక్కడిదాకా తగ్గించాలి?" అని అడిగింది. ఆవిడకి కావలసింది సరిగ్గా మా కోడలు తీసేద్దామన్న ముక్కే. గీత జారిపోయేదీ చుక్కల దగ్గరే, మనిషి వచ్చి నిలబడేదీ చుక్కల దగ్గరే.

మావారిని అడిగితే తేల్చేశారు. "ఇంత బాధెందుకు, మూసెయ్యి. ఎప్పట్లా చీకట్లో వేసుకో." వినడానికి వైరాగ్యంలా ఉంది గానీ నాలుగో పాదం ఒప్పుకోదు. ఫలం భయంతో పని వదిలేసినా ఫలమే గెలిచినట్టు. అర్జునుడు అడిగిందీ అదే, విల్లు కింద పడేసి పోతానని. కృష్ణుడు సరేనన్నాడా? ఆ మాట అంటే ఆయన, "నీ రీల్సు కురుక్షేత్రమా?" అన్నారు. కాదు. కానీ శ్లోకం పెద్ద పనులకే పనికొస్తుందని ఎక్కడా రాసిలేదు.

చివరికి మా అత్తాకోడళ్ళ మధ్య ఒప్పందం ఇలా కుదిరింది. చుక్కలు ఉంటాయి, వేగం దానిష్టం. ఏ రోజు ఏ ముగ్గో ముందురాత్రే కాగితం మీద వేసి పెట్టుకుంటాను. అది వేసేదాకా ఇన్‌సైట్స్ నాకు చూపించకూడదు. కామెంట్లు మాత్రం చదివి వినిపించాలి, తప్పుపట్టినవి ముందు. నెమలి వేయాలని నాకే బుద్ధిపుడితే నెమలే వేస్తాను. లైకుల సంఖ్య కనపడకుండా చేసుకునే వీలు 2021లోనే ఇచ్చారట, అదీ నొక్కేసింది.

"మరి ఫాలోయర్ల సంఖ్యో?" అన్నాను.

"అది దాచడానికి వాళ్ళు వీలివ్వలేదత్తయ్యా" అంది.